చీటీ అడుగున రాసిన మాట



ఈ మధ్య మేమిద్దరము ఇల్లిల్లూ దర్శిస్తున్నాము. ప్రార్థన ముగించి లేవబోతుంటే ఇంటివారు "జర ఆగుండ్రి అయ్యగారూ" అంటారు. టీవీ వెనక నుంచో బియ్యం డబ్బా మీద నుంచో ఒక ప్లాస్టిక్ కవరు తీస్తారు. దవాఖాన చీటీలు, రక్తపరీక్ష కాగితాలు, ఖాళీ అయిన గోలీల అట్టలు అన్నీ అందులోనే. "ఏం రాసిండో చూడుండ్రి." మేము వైద్యులము కాము. కూడబలుక్కుని చదివి వినిపించడమే మా పని. అలా చదువుతూ చదువుతూ ఒక సంగతి గమనించాము. షుగరు చీటీ అయినా, బీపీ చీటీ అయినా, మోకాళ్ల చీటీ అయినా, గుండెకు స్టెంట్ వేసి పంపిన చీటీ అయినా, మందుల పేర్లు అయిపోయాక అడుగున ఒక మాట ఉంటున్నది: వాకింగ్.

పైన ఉన్న గోలీకి లెక్క ఉంది. 500 మిల్లీగ్రాములు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిన్న తర్వాత. అడుగున ఉన్న మాటకు మాత్రం లెక్క లేదు. ఎంతసేపు, ఎంత జోరుగా, వారంలో ఎన్ని రోజులు, ఎవరు జాగ్రత్తపడాలి, ఏదీ లేదు. లెక్క లేనిదాన్ని మనవాళ్లు మందుగా చూడరు. పోయేటప్పుడు "పైలం" అన్నట్టు డాక్టరు మర్యాదకు అన్న మాట అనుకుంటారు. డాక్టర్లను తప్పుపట్టాలని కాదు. బయట బెంచీల నిండా జనం కూర్చుని ఉంటే లోపల ఎవరైనా ఎంతని విడమరచి చెప్పగలరు? అయినా ఆ మాట మందే. గోలీకి ఉన్నంత లెక్క దానికీ ఉంది.

ఈ మాట ఎత్తగానే మన కోల్‌బెల్ట్‌లో వచ్చే జవాబు మాకు కంఠతా వచ్చేసింది. "ముప్పై ఏండ్లు బాయిల పన్జేసిన అయ్యగారూ. తట్టా చెమ్మసు పట్టిన చేతులివి. ఇంక్లయిన్ దిగుడు, ఇంక్లయిన్ ఎక్కుడు. ఇంకెంత నడువాలె నేను?"

ఇది సాకు కాదు, నిజమైన ప్రశ్న. మ్యాన్‌రైడింగ్‌లు రాకముందు గోదావరిఖని గనుల్లో పని చేసినవారికి తెలుసు, ఎనిమిది గంటల పని ఒక ఎత్తయితే, షిఫ్టు దిగాక ఆ వాలు ఎక్కి వెలుతురులోకి రావడం ఇంకో ఎత్తు. క్యాప్‌ల్యాంపు బరువు, చెమట, కాళ్ల కింద నీళ్లు, నెత్తి మీద బండ. ఆ మనిషిని పట్టుకొని "పొద్దున్నే లేచి నడువు" అంటే నవ్వడా మరి?

ఆ ప్రశ్నకు సగం జవాబు లండన్ బస్సుల్లో ఉంది. జెరెమీ మోరిస్ అనే వైద్యుడు 1953లో తాను చూసినది ప్రచురించాడు. లండన్‌లో రెండంతస్తుల బస్సులు నడుస్తాయి. డ్రైవరు షిఫ్టంతా కూర్చునే ఉంటాడు. ఆ రోజుల్లో కండక్టరు టికెట్లకోసం రోజంతా మెట్లెక్కి దిగుతుండేవాడు. ఇద్దరిదీ ఒకే కంపెనీ, ఒకే బస్సు. అయినా గుండెజబ్బు డ్రైవర్లకే ఎక్కువగా వచ్చింది, వచ్చినవారిలో చావులూ డ్రైవర్లలోనే ఎక్కువ. తపాలా శాఖలో చూస్తే, ఉత్తరాలు పంచేవారి కంటే కూర్చుని రాసే గుమాస్తాలకు ఎక్కువ. ఒంటి కదలికకూ గుండెకూ ఉన్న సంబంధాన్ని లెక్కలతో చూపిన తొలి పరిశోధనల్లో ఇది ముఖ్యమైనది. మన గనుల్లోనూ తట్ట పోయి ఎస్‌డీఎల్ యంత్రాలు వచ్చాయి. ఓపెన్‌కాస్టులో డంపరు నడిపే తమ్ముడు ఆ లండన్ డ్రైవరులాగే షిఫ్టంతా సీట్లోనే. తండ్రి ఫిల్లరు, కొడుకు ఆపరేటరు. జీతం పెరిగింది, నడుము చుట్టుకొలత కూడా పెరిగింది. వారిని చూసే అంటున్నాము, కోపం తెచ్చుకోవద్దు.

మిగతా సగం మన పెద్దలకు కష్టంగా ఉంటుంది. బాయిలో ముప్పై ఏండ్లు చేసిన కష్టం వ్యాయామం కిందికి అంతగా రాదు. బరువు మోసే పనిలో అలసట వచ్చినప్పుడు ఆగే స్వేచ్ఛ ఉండదు, దుమ్ము ఉంటుంది, ఉక్క ఉంటుంది, మరునాడు మళ్లీ అదే ఉంటుంది. డెన్మార్కు పరిశోధకులు కొందరు దీన్నే చాలా ఏండ్లుగా పరిశీలిస్తున్నారు. తీరిక వేళ ఇష్టంతో చేసిన శ్రమ గుండెకు మేలు చేస్తుంటే, బతుకుదెరువు కోసం విశ్రాంతి లేకుండా చేసిన బరువు పని ఆ మేలు చెయ్యడం లేదని వారి లెక్కల్లో తేలింది. పైగా ఆ లాభం సీఎంపీఎఫ్ లాగా నెలనెలా జమయి, రిటైరయ్యాక ఒకేసారి చేతికొచ్చేది కాదు. మానేసిన కొద్ది వారాల్లోనే కరగడం మొదలవుతుంది.

ఇశ్రాయేలీయులకు అరణ్యంలో దొరికిన మన్నా గుర్తున్నదా? ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి. తెల్లారికి దాచినది పురుగు పట్టింది. నడక అలాంటిదే. మనం నడిచినప్పుడు కాలి కండరాలు, ఇన్సులిన్ పిలవకపోయినా, రక్తంలోని చక్కెరను లోపలికి లాక్కుంటాయి. నడిచి కూర్చున్నాక కూడా ఒకటి రెండు రోజులు ఆ కండరం ఇన్సులిన్ మాట బాగా వింటుంది. ఆ తర్వాత మళ్లీ మొండికేస్తుంది. అందుకే షుగరు ఉన్నవారు వరుసగా రెండు రోజులకు మించి నడక మానవద్దంటారు. ఆదివారం ఒక్కరోజు మైళ్లకొద్దీ నడిచి వారమంతా కూర్చుంటే కుదరదు.

మన దేశంలో షుగరు ఉన్నవారు 10.1 కోట్ల మంది ఉంటారని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ పరిశోధన లెక్కగట్టింది. అంచున ఉన్నవారు, అంటే ఇంకా రాలేదు గాని రాబోతున్నవారు, 13.6 కోట్లు. ఆ అంచున ఉన్నవారి గురించి చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం చేసిన పరిశోధన ఒకటుంది, 2006లో అచ్చయింది. అలాంటివారిని 531 మందిని తీసుకొని నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు మామూలు సలహా. ఒక గుంపుకు తిండిలో మార్పు, రోజూ నడక. ఒక గుంపుకు మెట్‌ఫార్మిన్ గోలీ. నాలుగో గుంపుకు రెండూ. మూడేళ్లు తిరిగేసరికి మామూలు గుంపులో నూటికి 55 మందికి షుగరు వచ్చింది. తిండి, నడక పాటించిన గుంపులో 39.3. గోలీ గుంపులో 40.5. రెండూ కలిపిన గుంపులో 39.5. అంటే అంచున ఉన్నవారికి తిండి, నడక కలిసి గోలీ చేసినంత పని చేశాయి. ఆ పరిశోధనలో ఉన్నవారు అమెరికావాళ్లు కారు, మనలాగే అన్నం తినే మనుషులు. అయితే ఒక్క మాట. ఇది అంచున ఉన్నవారి సంగతి. ఇప్పటికే షుగరు వచ్చి గోలీలు, ఇన్సులిన్ వాడుతున్నవారు దీన్ని చదివి గోలీ పక్కన పెడితే అది విశ్వాసము కాదు. గోలీ తగ్గించాలా వద్దా అన్నది డాక్టరు రక్తపరీక్ష చూసి చెప్తాడు. మన సంఘంలో ఒక సహోదరికి అలాగే తగ్గించారు. ఆమె తానంతట తాను తగ్గించుకోలేదు.

ఈ సంగతి మన దేశానికి కొత్త కూడా కాదు. సుశ్రుతుని పేర నిలిచిన పాత వైద్యగ్రంథంలో ప్రమేహ రోగులకు వ్యాయామం చెప్పారు. చేతిలో డబ్బు లేని రోగి అయితే చెప్పులూ గొడుగూ లేకుండా నూరు యోజనాలు నడవాలట, ఇంకొకడు పొలం దున్నాలట, లేదంటే బావి తవ్వాలట. బక్కచిక్కిన రోగిని మాత్రం జాగ్రత్తగా కాపాడుకోవాలని కూడా అక్కడే ఉంది. మనిషిని బట్టి మోతాదు అన్న ఆలోచన అంత పాతది. చెప్పులు లేకుండా అన్నది మాత్రం వినవద్దు. షుగరు ఉన్నవారి పాదానికి స్పర్శ తగ్గుతుంది, ముల్లు దిగినా తెలియదు.

బావి తవ్వమన్నారని చెప్తే ఒక పెద్దాయన ఏమన్నాడో తెలుసా? "మేం బాయి దవ్వినం గదా అయ్యగారూ, మరి మాకెందుకొచ్చె?"

ఇప్పుడు ఆ పెద్దాయన సంగతే చెప్తాము. పేరు చెప్పము, ఆయన అనుమతితోనే రాస్తున్నాము. ఆయనకున్నది షుగరు కాదు, ఆయాసం. ఏండ్ల తరబడి పీల్చిన బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకొని వచ్చే న్యూమోకోనియోసిస్, చట్టప్రకారం తప్పక తెలియజేయవలసిన వృత్తివ్యాధుల్లో ఒకటి. ఆయన మందిరానికి రావడం మానేశాడు. మొదట ఎవరిమీదో అలిగాడనుకున్నారు. అలక కాదు, మందిరం ముందున్న ఎత్తు. ఆ ఎత్తు ఎక్కేసరికి ఊపిరి అందక అందరి ముందు నోరు తెరిచి నిలబడవలసి వస్తున్నదని సిగ్గు. మందిరం మానేశాక దుకాణం మానేశాడు. దుకాణం తర్వాత వాకిలి. చివరికి మంచం నుంచి బాత్‌రూము దాకా నడవడమే ఒక షిఫ్టు పనిలా అయింది.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఆయనకు చెప్పిన మాట మేము పక్కనుండి విన్నాము, చాలా నచ్చింది. "తాతా, నీ ఊపిరితిత్తులు పాడైనది నిజమే, అవి తిరిగి రావు. కానీ నువ్వు కూసుండుట్ల కాళ్లు గూడ పాడైనయ్. బలం లేని కాళ్లు ఎక్కువ గాలి అడుగుతయ్. ఊపిరితిత్తుల్ని నేను బాగుచెయ్యలేను, కాళ్లను చేస్తా." ఆయాసమొస్తుందని భయపడి కూర్చుంటాడు, కూర్చున్నందుకు కాళ్లు బలహీనపడతాయి, బలహీనమైన కాళ్లతో లేస్తే ఇంకా ఆయాసం. గానుగెద్దు తిరిగినట్టు తిరుగుతున్నాడు పాపం.

ముందు ఆసుపత్రి వరండాలో ఆరు నిమిషాలు నడిపించి ఎంత దూరం పోయాడో కొలిచారు. ప్రపంచమంతటా ఇదే పరీక్ష చేస్తారు, 30 మీటర్ల వరండాలో అటూ ఇటూ. వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూశారు. ఆ లెక్కను బట్టి మోతాదు రాశారు. వీధిలో ఒక కరెంటు స్తంభం దాకా నడవాలి, ఆగాలి, పెదవులు సున్నాలా చుట్టి దీపం ఊదినట్టు మెల్లగా ఊదాలి, తిరిగి రావాలి. రోజుకు నాలుగుసార్లు. వారం తర్వాత రెండో స్తంభం. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవాలి. ఇంతే. ఆయన కోపం చూడాలి మీరు! "ఇంత దూరమొచ్చింది కరెంటు పోలు లెక్కబెట్టుకునేతందుకా?"

మాకు అప్పుడు సిరియా సేనాధిపతి నయమాను గుర్తొచ్చాడు. కుష్ఠుతో వచ్చాడు, గుర్రాలతో రథాలతో వచ్చాడు, వెండి బంగారాలు మోసుకొచ్చాడు. ప్రవక్త బయటికైనా రాకుండా, యొర్దానులో ఏడుసార్లు మునగమని కబురు పంపాడు. ఆయనకు మంట పుట్టింది. మా దమస్కులో ఇంతకంటే మంచి నదులు లేవా అన్నాడు. రోగం పెద్దదైతే మందు కూడా పెద్దదే ఉండాలని మనిషికి ఒక పట్టుదల. ఇంజెక్షను ఇస్తే నమ్ముతాడు, సెలైను ఎక్కిస్తే ఇంకా నమ్ముతాడు, హైదరాబాదు రాసిస్తే పూర్తిగా నమ్ముతాడు. నడువు అంటే అవమానంగా ఉంటుంది. నయమానుకు బుద్ధి చెప్పినది రాజు కాదు, ప్రవక్త కాదు, ఆయన పనివాళ్లు. పెద్ద పని చెప్తే చేసేవాడివి కదా, చిన్నది చెప్తే ఎందుకు చెయ్యవు అన్నట్టు అడిగారు. మన పెద్దాయనకు ఆ మాట చెప్పినది ఆయన భార్య. నయమాను కథ మేము చెప్పకముందే, "చేస్తే ఏం బోయె? పోలు నిన్ను కొరుకుతదా?" అని అడిగిందామె.

మూడు నెలలు పట్టింది. మధ్యలో దగ్గు ముదిరి పది రోజులు మంచమెక్కాడు, మళ్లీ మొదటి స్తంభం నుంచి మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆదివారం మందిరానికి వస్తున్నాడు. దారిలో రెండుచోట్ల ఆగుతాడు. ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తులు పాతవే. ఆయనకు స్వస్థత కలిగిందని సాక్ష్యం చెప్పమని కొందరు అడిగారు. ఆయన ఒప్పుకోలేదు, మేమూ బలవంతం చెయ్యలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు: "రోగం అట్లనే ఉన్నది. నేనే కొంచెం బయటికొచ్చిన." దానికి సంఘమంతా స్తోత్రము అన్నది.

ఒక సహోదరుడు మాతో వాదానికి దిగాడు. శరీర సాధన కొంచెమే ప్రయోజనమని పౌలు తిమోతికి రాశాడు కదా, మీరు మందిరంలో ఈ మాటలేమిటి అని. రాశాడు, కాదనము. భక్తితో పోల్చి కొంచెమన్నాడు, కూర్చోవడంతో పోల్చి కాదు. కొంచెం ప్రయోజనమన్నదాన్ని అసలు ప్రయోజనం లేదని చదువుకుంటే ఎలా? అదే తిమోతి కడుపు జబ్బుకు ఏం పుచ్చుకోవాలో కూడా ఆయనే రాశాడు, ప్రార్థన చేసుకో చాలు అని ఊరుకోలేదు. ఆ పౌలు త్రోయ నుంచి అస్సొసుకు వెళ్లేటప్పుడు తోటివారందరినీ ఓడ ఎక్కించి తాను మాత్రం కాలినడకన బయలుదేరాడు. ఎందుకో లేఖనము చెప్పదు. మాకైతే ఆ ప్రయాణమంటే ఇష్టం.

ఇక మోతాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క ఇది, బీపీ, షుగరు ఉన్న పెద్దలకూ వర్తిస్తుంది: వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యరకం జోరుతో. అంటే రోజుకు అరగంట, వారానికి అయిదు రోజులు. దానికి తోడు వారంలో రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని. మధ్యరకం జోరు అంటే ఏమిటో తెలుసుకోవడానికి యంత్రం అక్కర్లేదు. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేకపోవాలి. హాయిగా పాట వస్తున్నదంటే జోరు చాలదు. మాట కూడా రావడం లేదంటే ఎక్కువైంది. మన సంఘంలో నడుస్తూ కూడా పల్లవి, చరణం, మళ్లీ పల్లవి పాడేవారున్నారు. వారు జోరు పెంచాలి.

ఒకేసారి అరగంట కుదరకపోతే పది, పది, పది చేసినా లెక్కలోకే వస్తుంది. నైట్ షిఫ్ట్ వెళ్లే తమ్ముళ్లకు ఇది ముఖ్యం. పొద్దున ఏడుకు దిగి వచ్చినవారిని పార్కుకు తోలవద్దు, పడుకోనివ్వండి. సాయంత్రం లేచి తిన్న తర్వాత పది నిమిషాలు, డ్యూటీకి పోయే ముందు పది నిమిషాలు. అన్నం తిన్న వెంటనే చేసే పది నిమిషాల నడక షుగరు పైకెగరకుండా ఆపడంలో బాగా పనికొస్తుంది.

అక్కాచెల్లెళ్ల కష్టం వేరు. ఓపెన్‌కాస్టు కోసం భూములు పోయిన ఊళ్ల నుంచి వచ్చినవారు మన సంఘంలో ఉన్నారు. ఊళ్లో ఉన్నప్పుడు వారికి నాట్లు, కలుపు, కోతలు, బర్రెలు. పునరావాస కాలనీలో ఇల్లు పక్కాది, పని మాత్రం లేదు. నష్టపరిహారం లెక్కలో చెట్టు ఉంది, బావి ఉంది, గోడ ఉంది. ఆ ఒంటి కదలికకు లెక్క కట్టిన వారు లేరు. ఇప్పుడు అదే ఒంటికి షుగరు, మోకాళ్లు. నడవమంటే రోడ్డు మీద బొగ్గు టిప్పర్లు, దుమ్ము, ఎవరేమనుకుంటారో అని బిడియం. అందుకని అమ్మగారు ఒక పని మొదలుపెట్టారు. సాయంత్రం ఆరింటికి మందిరం లోపలే చాపలు తీసేసి, ఫ్యాన్లు వేసి, చుట్లు తిరుగుతున్నారు. మొదటిరోజు నలుగురు, ఇప్పుడు పదిహేడు మంది. యెరికో గోడల చుట్టూ తిరిగినట్టు ఉందని పిల్లలు నవ్వుతున్నారు. నవ్వనివ్వండి. గోడకు ఒక క్యాలెండరు కట్టాము, వచ్చినవారు తమ పేరు ఎదురుగా గీత పెట్టుకుంటారు. రిటైరైన అన్నలు దాన్ని మస్టరు అంటున్నారు. బాయిలో సెలవు రావాలంటే ఏడాదికి 190 మస్టర్లు పడాల్సి ఉండేది కదా, ఇక్కడ కూడా అంతే అని ఒకాయన ప్రకటించేశాడు. మంచిదే, వారానికి నాలుగు పడినట్టు లెక్క. అయిదు పడితే ఇంకా మంచిది.

వచ్చే సోమవారం నుంచి మగవారికి పొద్దున అయిదున్నరకు. ఎండలు మన రామగుండంలో ఎలా ఉంటాయో చెప్పనక్కర్లేదు, ఏడు దాటాక ఎవరూ నడవవద్దు. గుండెకు స్టెంట్ పడినవారు, ఛాతీలో నొప్పి వచ్చేవారు, బీపీ బాగా ఎక్కువ ఉన్నవారు, పాదం మీద పుండు ఉన్నవారు ముందు డాక్టరుకు చూపించుకుని రండి. ఎంత నడవాలో, ఎంత జోరుగా నడవాలో ఆయన చేతనే చీటీ మీద రాయించుకోండి. రాయకపోతే అడగండి, అడిగితే రాస్తారు. నడిచేటప్పుడు ఛాతీ పట్టేసినా, చెమటలు పోసినా, కళ్లు తిరిగినా అక్కడే ఆగి పక్కవారికి చెప్పండి, ఓర్చుకోవద్దు. ఇన్సులిన్ వేసుకునేవారు, గ్లిమిపిరైడ్ లాంటి గోలీలు వేసుకునేవారు ఖాళీ కడుపుతో రావద్దు, జేబులో గ్లూకోజు పొట్లమో నాలుగు చెంచాల చక్కెరో ఉంచుకోండి. కాలికి నిండుగా ఉన్న బూట్లు వేసుకోండి, వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి రాయి ఉందేమో చూసుకోండి. చౌరస్తా వైపు కుక్కలు ఎక్కువగా ఉన్నాయి, వెనక సందున రండి. గేటు తాళం మా దగ్గరే ఉంటుంది, అయిదుంబావుకు తీస్తాము.